ఒప్పందాలు ఇన్ని ఉన్నా పొగ ఎందుకు తగ్గట్లేదు: సమస్య - పరిష్కారం

లక్షణం: భూమిని వేడెక్కించే పొగ తగ్గించాలని దేశాలు ఏటా కూర్చుంటున్నాయి, సంతకాలు పెడుతున్నాయి. అయినా బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చగా వచ్చే కార్బన్ డయాక్సైడ్ 1990లో ఏడాదికి సుమారు 2,300 కోట్ల టన్నులుంటే ఇప్పుడు 3,700 కోట్లు దాటింది. హుద్‌హుద్ మర్నాడు మోడులు మిగిలిన కైలాసగిరిని చూసిన మనకు ఈ అంకె ఊరికే కాగితం మీది అంకె కాదు (ఒక్క తుపానుకు ఒక్క కారణం చెప్పలేం గానీ, వేడెక్కిన సముద్రం తుపానుకు బలమిస్తుంది).

అలాగని ఒప్పందాలు దండగ అనేయకండి. 2015లో పారిస్‌లో వాతావరణ ఒప్పందం కుదిరేనాటికి ఈ శతాబ్దం చివరికి 3 నుంచి 3.5 డిగ్రీలు వేడెక్కుతామన్న అంచనా ఉండేది, ఇప్పుడది 3 కంటే కాస్త తక్కువగా ఉంది. తగ్గింది, చాలలేదు.

కారణం: తప్పినవాడికి నష్టం లేదు. 1997 క్యోటో ఒప్పందం ధనిక దేశాలకే లక్ష్యాలు పెట్టింది, అమెరికా దాన్ని ఆమోదించనే లేదు, కెనడా 2011లో తప్పుకుంటానని చెప్పేసింది. పారిస్‌లో అయితే ఎవరి లక్ష్యం వాళ్లే రాసుకుంటారు, చేరకపోతే జరిమానా లేదు. పైగా పేద దేశాలకు 2020 నుంచి ఏటా ఇస్తామన్న 10,000 కోట్ల డాలర్లు 2022కి గానీ పూర్తిగా రాలేదు.

పరిష్కారం: పనిచేసిన ఒప్పందాన్ని చూడండి. ఓజోన్ పొరను కాపాడడానికి 1987లో మాంట్రియల్‌లో చేసుకున్నది. చేరని దేశాలతో ఆ పొరను దెబ్బతీసే వాయువుల వ్యాపారం బంద్, మారడానికి డబ్బులేని దేశాలకు నిధి. రెండూ కలిశాయి కాబట్టే ఆ వాయువుల వాడకం దాదాపు 99 శాతం పోయింది. కార్బన్ విషయంలో వ్యాపారం వైపు మాత్రం ఇప్పుడే కదలిక వచ్చింది: బయటి నుంచి వచ్చే ఉక్కు, సిమెంటు, అల్యూమినియం తయారీలో ఎంత కార్బన్ వెలువడిందో యూరప్ 2023 అక్టోబర్ నుంచి లెక్క అడుగుతోంది, 2026 నుంచి వచ్చే సరుకు మీద దానికి డబ్బు కూడా కట్టాలి. బొగ్గుతో నడిచే బ్లాస్ట్ ఫర్నేస్‌లో టన్ను ఉక్కుకు రెండు టన్నులకు పైగానే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి ఇది నేరుగా వైజాగ్‌ను తాకే సంగతి. నిధి లేకుండా ఒక్క పన్నే వేస్తే అది అన్యాయం, మన దేశం అభ్యంతరం చెప్పడంలో తప్పేమీ లేదు. కానీ పన్ను ఆగుతుందని కూర్చోవడం మాత్రం తప్పు.

గాజువాక ఆటోనగర్‌లో మీకు ఇనుము పని యూనిట్ ఉండి, సరుకు యూరప్‌కు పోతుంటే, నెలనెలా కరెంటు బిల్లు, వాడిన బొగ్గు, డీజిల్, కొన్న ఉక్కు ఎక్కడిదో ఒకే పుస్తకంలో ఈ నెల నుంచే రాయండి, కొనేవాడు అడిగాక వెతికితే దొరకవు.