ఇంట్లో పెద్ద కుక్క ఉండగా కొత్త పిల్లను తెచ్చుకోవడం ఎలా?

పోయిన నెలలో మా వీధి చివరాయన కొత్త కుక్కపిల్లను కారులోంచి దింపి, గుమ్మంలో హారతిచ్చి, నుదుట బొట్టు పెట్టి, తిన్నగా తీసుకెళ్ళి ఎనిమిదేళ్ళ డాబర్‌మాన్ ముందు నిలబెట్టాడు. "ఇదిగోరా, నీకు తమ్ముడు" అన్నాడట. తమ్ముడికి చెవి మీద నాలుగు కుట్లు పడ్డాయి.

డాబర్‌మాన్ తప్పేమీ లేదు. తను కాపలా కాసే ఇంట్లోకి ఎవరో వచ్చారు, దాని పని అది చేసింది. నేను ఇరవై రెండేళ్ళుగా కుక్కలను పెంచుతున్నాను. పెద్ద కుక్క ఉన్న ఇంట్లోకి పిల్లను తేవడం ఇప్పటికి ఆరుసార్లు చేశాను. మొదటిసారి నేనూ బొట్టు పెట్టినవాణ్ణే. పిల్లను చంకనెత్తుకుని పెద్దదానికి చూపించబోతే అది నా భుజం దాకా ఎగిరింది, పిల్ల కింద పడింది, నా మోచేతికి గాటు పడింది. ఆ రెండింటినీ ఒక గదిలో కూర్చోబెట్టడానికి నాకు నెలన్నర పట్టింది. ఆ నెలన్నర మీకు మిగలాలనే ఇదంతా రాస్తున్నాను.

1. వయసు, టీకాలు

ఎనిమిది వారాలు నిండని పిల్లను తేవద్దు. 2017 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం అంతకన్నా చిన్న పిల్లను అసలు అమ్మకూడదు. ఎంత గట్టిగా కొరికితే ఎదుటిది కుయ్యోమంటుందో, ఎప్పుడు వదిలేయాలో పిల్ల నేర్చుకునేది తోడబుట్టినవాటితో దొర్లే ఆ వారాల్లోనే. ఆ చదువు లేకుండా వచ్చిన పిల్ల మీ పెద్ద కుక్క తోకను పట్టుకుని వేలాడుతుంది.

నాటు పిల్లలను తెచ్చుకునేవాళ్ళకు ఒక లెక్క చెబుతాను. చిత్త కార్తె కుక్కల సంగతి తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ కార్తె అక్టోబరు నడిమిలో వస్తుంది, కుక్క చూలు 63 రోజులు అటూ ఇటూ. అంటే డిసెంబరులో ఈనుతాయి. సంక్రాంతికి ఊరెళ్ళినవాళ్ళు గడ్డివాము కింద ముద్దొచ్చే పిల్లను చూసి ఒళ్ళో పెట్టుకుని తెచ్చేస్తారు. అప్పటికి దానికి నెల కూడా సరిగ్గా నిండదు. ముద్దుగానే ఉంటుంది, కాదనను. శివరాత్రి దాకా ఆగండి. ఈలోగా తల్లికి రోజూ ఇంత అన్నం పెట్టమని అక్కడివాళ్ళకు చెప్పి రండి.

పిల్లను మొదట పశువుల డాక్టరుకు చూపించి ఆ తర్వాతే ఇంటికి తీసుకెళ్ళాలి. నట్టల మందు, ప్రాణం తీసే వైరస్ జబ్బులైన పార్వో, డిస్టెంపర్‌లకు వేసే టీకాల మొదటి మోతాదు అక్కడే తేల్చుకోండి. మూడు నాలుగు వారాలకొకసారి చొప్పున నాలుగు నెలల వయసు దాకా ఆ టీకాలు సాగుతాయి, రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. అందరూ మరిచిపోయేది పెద్దదాని టీకాలు. దాని పుస్తకం తీసి చూడండి. గడువు దాటితే, పిల్ల రావడానికి రెండు వారాల ముందే వేయించండి. పిడుదుల మందు కూడా అప్పుడే.

2. సామాన్లు

రెండు స్టీలు గిన్నెలు, మెత్తటి మెడపట్టీ, తేలికైన తాడు, పాత దుప్పట్లు, పాత పేపర్లు, గుమ్మానికి అడ్డం పెట్టడానికి తడిక గానీ వల తలుపు గానీ. ప్లాస్టిక్ గిన్నె వద్దు, కొరికి మింగుతాయి. మువ్వల పట్టీ అసలు వద్దు. ఆ గలగల మీకు ముచ్చటగా ఉంటుందేమో గానీ, మనకన్నా ఎన్నో రెట్లు సన్నగా వినే పెద్ద కుక్క చెవులకు రోజంతా నరకం. ఇంకొకటి, చేట. వెదురు చేట. ఎందుకో తర్వాత చెబుతాను.

తెచ్చే రోజు సెలవు రోజు అయి ఉండాలి, అదీ పొద్దున్న. సాయంత్రం తెస్తే మొదటి చీకటి, కొత్త చోటు ఒకేసారి మీద పడి రాత్రంతా ఏడుస్తుంది. దీపావళి వారంలో తెచ్చేవాళ్ళతో నేను మాట్లాడను.

3. వారం రోజుల గది

నా పద్ధతి చూసి మా బంధువులంతా నవ్వుతారు. మొదటి వారం రోజులు రెండు కుక్కలనూ ఎదురుపడనివ్వను. పిల్లకు ఒక గది, దాని తలుపు మూసే ఉంటుంది. ఇంట్లో ఎవరో ఒకరు అందులోనే పడుకోవాలి. మా ఇంట్లో ఆ ఒకరు నేనే, నవారు మంచం వేసుకుని.

"అదేంటండీ, మొదటి రోజే వదిలేస్తే వాటికవే సర్దుకుంటాయి కదా" అంటారు. సర్దుకున్నవాటి కథలే మీ చెవిన పడతాయి. సర్దుకోనివాటిని ఎవరికో ఇచ్చేస్తారు, ఆ మాట ఎవరూ బయటికి చెప్పరు.

వారం ఎందుకంటే రెండు కారణాలు. ఒకటి పార్వో. సోకిన పిల్లకు జబ్బు బయటపడటానికి సాధారణంగా మూడు రోజుల నుంచి వారం పడుతుంది, ఒక్కోసారి రెండు వారాలు కూడా. వాంతులు, నెత్తురు విరేచనాలు కనిపిస్తే గంట కూడా ఆగకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. ఆ గది నేల బ్లీచింగ్ కలిపిన నీళ్ళతో కడగండి, అది ఆరేదాకా పిల్లను పక్కకు తీసుకెళ్ళండి. ఫినాయిల్‌కు ఆ వైరస్ చావదు, మన ముక్కుకు శుభ్రం చేసినట్టు ఉంటుందంతే. గదికి వేరే చెప్పులు పెట్టుకోండి.

రెండో కారణం వాసన. మనం మనిషిని ముఖం చూసి గుర్తుపడతాం, కుక్క ముక్కుతో గుర్తుపడుతుంది. తలుపు కింది సందులోంచి వారం రోజులు వాసన తగిలితే పెద్దదానికి పిల్ల కొత్తది కాదు, ఆ గదిలో ఉండేది. మూడో రోజు నుంచి దుప్పట్లు మార్చండి, పిల్ల పడుకున్నది పెద్దదాని దగ్గర, పెద్దదానిది పిల్ల దగ్గర. దుప్పటి తెచ్చి ముక్కుకు రుద్దకండి. నేల మీద పడేసి మీ పని మీరు చూసుకోండి. అయిదో రోజు తలుపు తీసి తడిక అడ్డం పెట్టండి, రెండూ దూరం నుంచి చూసుకుంటాయి. మూడు నిమిషాలు చాలు.

పెద్దదాని వాకింగు, తిండి వేళలు, మీ మంచం కింద దాని చోటు, ఈ వారంలో ఏదీ అంగుళం కూడా మారకూడదు.

4. ఎదురుపడే రోజు

పని చెడేది ఇక్కడే. ఈ భాగం రెండుసార్లు చదవండి.

చోటు ముందు. రెండు కుక్కలనూ ఎవరిదీ కాని చోట, వీధిలోనో పార్కులోనో కలపమని వీడియోల్లో చెబుతారు. ఆ మాట వాళ్ళ ఊళ్ళకు సరిపోతుంది. మన వీధుల్లో ప్రతి కరెంటు స్తంభం దగ్గరా పార్వో ఉండొచ్చు, ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. టీకాలన్నీ పూర్తికాని పిల్లను అక్కడ నేల మీద దింపడమంటే చేజేతులా జబ్బు అంటించడం. పోనీ ఎత్తుకుని వెళ్తే? ఎత్తులో ఉన్నదాన్ని చూడటానికి పెద్దది ఎగురుతుంది, చేతుల్లో ఉన్న పిల్లకు పారిపోయే దారి ఉండదు. నా మోచేతి మీది గాటు ఆ పాఠమే. నాకు కుదిరినది డాబా. పెద్దది తిని పడుకునే చోటు కాదు, వీధి కుక్కలు రావు, కడుక్కోవచ్చు. అపార్ట్‌మెంటువాళ్ళు కుక్కల్లేని పక్కవాళ్ళ హాలు అరగంట అడగండి. మీ హాల్లో, మీ సోఫా పక్కన మాత్రం కుదరదు.

వేళ సాయంత్రం. పెద్దదాన్ని బాగా నడిపించి, నీళ్ళు తాగించి, కాసేపు పడుకోనిచ్చాక. మనుషులు ఇద్దరే. పిల్లలు, పక్కింటివాళ్ళు, ఫోను పట్టుకుని వీడియో తీసేవాళ్ళు మెట్ల దగ్గరే ఆగాలి. డాబా మీద తిండి గానీ బంతి గానీ ఉండకూడదు.

రెండింటికీ తాడు ఉండాలి, తాడు వదులుగా ఉండాలి. ఇక్కడే పదిమందిలో తొమ్మిదిమంది తప్పు చేస్తారు. భయంతో తాడు బిగిస్తారు. మెడ బిగిసిన కుక్కకు రెండు సంగతులు అర్థమవుతాయి. తనకు వెనక్కి పోయే దారి లేదు, పైగా యజమాని దేనికో భయపడుతున్నాడు. ఇక అది పళ్ళు చూపించక ఏం చేస్తుంది? గొలుసుతో కట్టేసిన కుక్కకు పిల్లను చూపించడం ఇంకా ఘోరం.

మొదట ముఖాముఖి వద్దు. ఇద్దరూ ఒకే దిక్కుగా, అయిదారు అడుగుల ఎడంలో, పక్కపక్కనే నడవండి. రెండు మూడు చుట్లు తిరిగాక పెద్దది తనంతట తాను పిల్ల వెనకవైపు వాసన చూడటానికి వస్తే రానివ్వండి. మూడు లెక్కపెట్టి, పేరు పెట్టి పిలిచి, ముందుకు నడవండి. మళ్ళీ రానివ్వండి. పిల్ల వెల్లకిలా పడితే మంచిదే, లేపకండి.

ఈలోగా మీ కళ్ళు పిల్ల మీద ఉంటాయని నాకు తెలుసు, ముద్దుగా ఉంటుంది కాబట్టి. కళ్ళు పెద్దదాని మీద పెట్టండి. నిద్ర రాకుండానే ఆవలిస్తోందా? ముక్కు నాక్కుంటోందా? తల పక్కకు తిప్పుకుంటోందా? ఇబ్బందిగా ఉందని చెబుతోంది, దూరం పెంచండి. ఒళ్ళంతా కర్రలా బిగిసి, నోరు మూసుకుని, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తూ ఆగిపోయిందంటే ఆ రోజుకు ముగించండి. తోక ఊపుతోంది కదా అని మోసపోకండి. నడుముతో సహా ఊగే తోక వేరు, పైకి నిటారుగా లేచి సన్నగా అదిరే తోక వేరు. ముందుకాళ్ళు నేలకు వంచి వీపు పైకెత్తితే మాత్రం ఊపిరి పీల్చుకోండి, ఆటకు పిలుస్తోంది.

గుర్రుమంటే తిట్టకండి. అది మాట, ఇంకాస్త దూరం జరగమని. ఆ మాటకు దెబ్బలు పడితే రెండోసారి మాట లేకుండా నేరుగా కరుస్తుంది. అప్పుడు "హఠాత్తుగా కరిచింది" అంటారు.

ఇప్పుడు చేట. నా చేతిలో ఎప్పుడూ ఉంటుంది. వ్యవహారం ముదిరితే చేట దింపి రెండింటి మధ్య అడ్డం పెడతాను. కుక్కలకు ఒకదానికొకటి కనిపించవు, నా వేళ్ళు నాకు మిగులుతాయి. చెయ్యి మధ్యలో పెట్టకూడదు, కేకలు వేయకూడదు, కరిచి పట్టుకున్న కుక్కను తాడుతో లాగకూడదు, లాగితే చర్మం చీరుకుపోతుంది. పిల్లకు చిన్న గాటే కనిపించినా డాక్టరుకు చూపించండి, బొచ్చు కింద కోరపంటి గాయం లోతుగా ఉంటుంది. మీకు పన్ను గీసుకున్నా పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి ఆసుపత్రికి వెళ్ళండి. పిల్లదే కదా అనుకోవద్దు, దానికింకా రేబిస్ టీకా పడలేదు.

మొత్తం అయిదు నిమిషాలు. బాగా జరుగుతున్నప్పుడే ఆపేయాలి. "ఇంకాస్సేపు, ఎంత బాగా ఆడుతున్నాయో" అన్న ఆరో నిమిషంలోనే నేను రెండు గొడవలు చూశాను. రోజుకు రెండుసార్లు చొప్పున నాలుగైదు రోజులు ఇలా నడిచాక హాల్లోకి తెండి, అప్పుడు కూడా తాడు కట్టే ఉంచండి. కొన్నిటికి ఇరవై రోజులు పడుతుంది. పట్టనివ్వండి.

5. తిండి

వేరు వేరు గదుల్లో, తలుపు వేసి. మధ్యలో గోడ ఉండాలి, కనుచూపు మేర దూరం సరిపోదు. పెద్దది రెండు పూటలే తింటుంది, పిల్లకు రోజుకు నాలుగుసార్లు పెట్టాలి. ఆ తేడా పెద్దదాని కంటబడకపోవడమే మంచిది. ముందు పెద్దదానికి, తర్వాత పిల్లకు. పది నిమిషాల్లో గిన్నెలు తీసేయండి.

పిల్లకు గేదెపాలు పోసి, విరేచనాలు పట్టుకున్నాక టీకా ఒంటికి పడలేదంటారు. పాలు మానండి. ఉల్లిపాయ పడిన పులుసు, సాంబారు అన్నం, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్, ఉడికించిన కోడి ఎముకలు, ఇవేవీ రెండింటికీ వద్దు. మా అమ్మ అరుగు మీద కూర్చుని రెండింటి మధ్యలోకి పప్పన్నం ముద్ద విసిరేది. రెండేళ్ళ స్నేహం ఒక్క ముద్దతో రచ్చయింది.

6. ఆ తర్వాత

పిల్ల ఎక్కలేని ఎత్తులో పెద్దదానికి ఒక చోటు ఉండాలి, అరుగో, బల్లో, పాత సోఫానో. పిల్ల పాలపళ్ళు సూదుల్లా ఉంటాయి. పెద్దది ఓ కసురు కసిరి, మూతితో తోసి నేర్పుతుంది, నేర్పనివ్వండి. మూడుసార్లు కసిరినా పిల్ల వినకపోతే పిల్లనే ఎత్తి గదిలో పడేయాలి. దోషి అదే.

నాలుగైదు నెలల దాకా పెద్దవి పిల్ల అని ఊరుకుంటాయి. ఆ తర్వాత ఆ మినహాయింపు పోతుంది. సద్దుమణిగిందనుకున్న ఇళ్ళలో గొడవలు మొదలయ్యేది అప్పుడే. రెండూ ఆడవైతే ఇంకా జాగ్రత్త, పడ్డాయంటే ఒకపట్టాన రాజీపడవు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో డాక్టరుతో ముందే మాట్లాడి పెట్టుకోండి.

పిల్లకు ఆరు నెలలు వచ్చేదాకా ఆ రెండింటినే ఇంట్లో వదిలి బయటికి వెళ్ళకండి, పాలపాకెట్టు కోసం వీధి చివరికి కూడా. తడిక కూడా అప్పటిదాకా తీయొద్దు. మా నాటు కుక్క మంగ, తడిక తీసేశాక కూడా నాలుగు రోజులు ఆ గుమ్మం దగ్గర ఆగి, నా వైపు చూసి, నేను రమ్మంటేనే లోపలికి వచ్చేది. పిల్ల మాత్రం తడిక పోయిన సంగతే గమనించలేదు.