అబ్బ వదిలి వెళ్లిన తుపాకీ: ముందు డిపాజిట్, ఆ తర్వాతే నిర్ణయం

మా అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు పల్లెల్లో పాత మిద్దె పడగొట్టి కొత్త ఇల్లు కట్టేటప్పుడు అటక మీద నుంచి చాలా వస్తువులు దిగుతాయి. కంచు చెంబులు, పత్రాల పెట్టె, ఒక్కోసారి గోనెపట్టలో చుట్టిన తుపాకీ. మా ఇంట్లోనూ అట్లాగే దిగింది. ఒంటి గొట్టం 12 బోర్ (బోరు అంటే గొట్టం లోపలి కొలత) తుపాకీ, పక్కనే గుడ్డసంచిలో ఐదు తూటాలు. తూటాల అడుగున ఇత్తడికి పచ్చగా చిలుము పట్టి ఉంది. లైసెన్సు పుస్తకంలో రెన్యువల్ ముద్రలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, చివరి ముద్ర తర్వాత పేజీలన్నీ ఖాళీ. మా అబ్బ, అంటే తాత, పోయి అప్పటికి మూడేళ్లు. "అబ్బకు లైసెన్సు ఉంది కదా, మనకేం భయం" అనుకున్నాం అందరం.

అది తప్పు. ఆ మూడేళ్లూ తుపాకీ మా ఇంట్లో లైసెన్సు లేకుండా ఉన్నట్టే లెక్క. చాలా కుటుంబాలు ఇక్కడే పొరపడతాయి కాబట్టి ముందు ఈ మాటే చెబుతున్నాను. పొలంలో, ఇంట్లో వాటా వచ్చినట్టు తుపాకీ ఖరీదులో వారసులకు వాటా వస్తుంది. దాన్ని దగ్గర పెట్టుకునే హక్కు మాత్రం రాదు. లైసెన్సు మనిషి పేరు మీద ఇచ్చేది, ఆ మనిషి పోతే దాని పని అయిపోతుంది. 1959 ఆయుధాల చట్టం 3వ సెక్షన్ ప్రకారం ఎవరి దగ్గర తుపాకీ ఉంటే వాళ్ల పేరున లైసెన్సు ఉండాలి. లేకుండా పెట్టుకుంటే 25వ సెక్షన్ కింద శిక్ష. 2019 సవరణ తర్వాత అది కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్ల జైలు, దానితో పాటు జరిమానా.

అందుకే ఉంచుకోవాలా, అమ్మాలా, ఇచ్చేయాలా అని అన్నదమ్ములు కూర్చుని మాట్లాడుకోవడం తర్వాత. తుపాకీ ఇంట్లో నుంచి పోలీసుల చేతికి వెళ్లి రసీదు మీ చేతికి రావడం ముందు. ఆ రసీదు ఉంటే కొంచెం నిదానంగా ఆలోచించుకున్నా టెన్షన్ ఉండదు.

కనబడగానే ఏం చేయాలి

దాన్ని తుడవొద్దు, ట్రిగ్గర్ నొక్కి చూడొద్దు. ముందు నుంచి మందు, గుండ్లు కూరి గజంతో (పొడవాటి కడ్డీతో) దట్టించే నాటు తుపాకీ అయితే మరీ జాగ్రత్త. ఎప్పుడో దట్టించిన మందు గొట్టంలోనే ఉండిపోయి ఉండొచ్చు, ఏళ్లు గడిచినా దానికి అంటుకునే గుణం పోదు. పొయ్యి దగ్గరా ఎండలోనూ పెట్టొద్దు. గొట్టం మనుషుల వైపు లేకుండా ఒక గదిలో ఉంచి తాళం వేయండి. పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వొద్దు. నంబరు పైకి కనబడుతుంటే కదపకుండా ఫొటో తీసుకోండి. తుపాకీ పట్టుకుని సెల్ఫీలు దిగి వాట్సాప్‌లో పెట్టడం మాత్రం వద్దేవద్దు.

బైకు మీద గోనెలో చుట్టుకుని మీరే స్టేషన్‌కు తీసుకుపోవద్దు. దారిలో తనిఖీలో ఆపితే మీ పేరున లైసెన్సు లేని ఆయుధం మీ చేతిలో ఉన్నట్టు అవుతుంది. ముందు స్టేషన్‌కు ఫోన్ చేయండి, లేదా ఒట్టి చేతులతో వెళ్లి కాగితం ఇవ్వండి. దాన్ని ఎట్లా తేవాలో, వాళ్లే వచ్చి తీసుకుంటారో వాళ్లనే చెప్పమనండి. కాగితంలో రాయాల్సింది కొంచెమే: "మా అబ్బ గారు ఫలానా తేదీన మరణించారు. ఆయన పేరున ఫలానా నంబరు లైసెన్సు మీద ఉన్న తుపాకీ, ఐదు తూటాలు మా ఇంట్లో దొరికాయి. ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం డిపాజిట్ చేసుకుని రసీదు ఇప్పించ ప్రార్థన." రెండు ప్రతులు తీసుకెళ్లి ఒక దాని మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోండి.

ఆ 21వ సెక్షన్ ఉన్నదే ఇందుకు. ఆయుధం దగ్గర ఉంచుకోవడం చట్టబద్ధం కాకుండా పోయినప్పుడు అనవసర ఆలస్యం లేకుండా దగ్గరి స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న ఆయుధాల డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. డీలరు దగ్గరైతే అద్దె కట్టాల్సి ఉంటుంది. రసీదులో తుపాకీ నంబరు, బోరు, తూటాల సంఖ్య, తేదీ ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చదువుకోండి. నంబరులో ఒక్క అంకె తేడా పడినా తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది. డిపాజిట్ చేసి మర్చిపోవడానికీ లేదు. నిర్ణీత గడువులోగా వెనక్కి తీసుకోకపోయినా, అమ్మకపోయినా జిల్లా మెజిస్ట్రేట్ (అంటే కలెక్టర్) ఉత్తర్వుతో అది ప్రభుత్వపరం అవుతుంది.

లైసెన్సు పుస్తకమే లేకపోతే, అసలు ఆ తుపాకీకి ఎప్పుడైనా లైసెన్సు ఉండేదో లేదో తెలియకపోతే, ఆ రోజే ఒక వకీలును కలిసి ఆయన ద్వారా రాతపూర్వకంగా పోలీసులకు తెలపండి. భయపడి బావిలో పడేయడం, చేన్లో పాతిపెట్టడం, ఎవరికో ఇచ్చేయడం చేస్తే ఏ తప్పూ చేయని కుటుంబం కేసులో ఇరుక్కుంటుంది.

ఉంచుకోవాలంటే

2016 ఆయుధాల నియమాల్లో 25వ నియమం వారసుల గురించే. లైసెన్సుదారు మరణించాక చట్టబద్ధ వారసుడు లేదా వారసురాలు తన పేరున లైసెన్సు కోరవచ్చు. ఇది హక్కుగా వచ్చేది కాదు, పోలీసు నివేదికలో అభ్యంతరం లేకుండా, మామూలు అర్హతలన్నీ ఉంటేనే ఇస్తారు. వయసు 21 నిండాలి. ఒకరి దగ్గర రెండుకు మించి తుపాకులు ఉండకూడదు. 2019కి ముందు ఈ పరిమితి మూడు. వారసత్వంగా వచ్చిందైనా ఆ రెండులోకే లెక్క.

దరఖాస్తు ఫారం ఏ-1. ఆన్‌లైన్‌లో కేంద్ర హోంశాఖ ఎన్‌డీఏఎల్ (ఆయుధ లైసెన్సుల జాతీయ డేటాబేస్) పోర్టల్‌లో నింపాలి. జత చేయాల్సినవి: మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం (మీ ఊరి సచివాలయంలో దరఖాస్తు చేసుకోవచ్చు), పాత లైసెన్సు పుస్తకం, డిపాజిట్ రసీదు, ఆధార్, వయసు రుజువు, ఫొటోలు, డాక్టరు ఇచ్చే మానసిక, శారీరక ఆరోగ్య ధ్రువీకరణ, ఆయుధం వాడకంలో శిక్షణ సర్టిఫికెట్, ఇంట్లో భద్రంగా దాచుకుంటానని హామీ పత్రం. ఎక్కువ ఆలస్యం చేసేది మిగతా వారసుల నిరభ్యంతర పత్రం. పెళ్లయి వెళ్లిన ఆడబిడ్డల సంతకాలు కూడా కావాలి, వాళ్లూ వారసులే. నోటరీ చేయించే రోజుకు అందరూ ఇంట్లో ఉండేలా, ఏ పండక్కో సంవత్సరీకానికో పెట్టుకుంటే ఒక్క పూటలో అయిపోతుంది.

ఏ కలెక్టరేట్ అన్నది మన సీమలో ఇప్పుడు ఆలోచించాల్సిన విషయం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పుస్తకం మీద అనంతపురం కలెక్టర్ ముద్ర ఉన్నా, మీ ఊరు కదిరి, ధర్మవరం, పెనుకొండ వైపు అయితే ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా, వెళ్లాల్సింది పుట్టపర్తికి. కర్నూలు ముద్ర ఉన్న ఆత్మకూరు, ఆళ్లగడ్డ, డోన్ వాళ్లకు నంద్యాల. పాత ఫైలు పాత జిల్లాలోనే ఉండిపోయి ఉండొచ్చు కాబట్టి పుస్తకంలోని ప్రతి పేజీ జిరాక్స్ దగ్గర పెట్టుకోండి.

తర్వాత స్టేషన్ విచారణ ఉంటుంది. పోలీసు నివేదికకు నియమాల్లో 30 రోజులు, అది అందాక లైసెన్సు అధికారి నిర్ణయానికి 60 రోజులు గడువు. తిరస్కరిస్తే కారణం రాతలో అడగండి, 18వ సెక్షన్ కింద అప్పీలు ఉంది. మంజూరైతే లైసెన్సు ఐదేళ్లు చెల్లుతుంది, యూఐఎన్ అనే ప్రత్యేక గుర్తింపు నంబరు వస్తుంది. ఆ నంబరు లేని లైసెన్సు చెల్లదు.

"శనక్కాయ చేనుకు పందులు పడుతున్నాయి, తుపాకీ ఉంటే మేలు" అని మా చిన్నాయన అన్నాడు. పంట రక్షణకు నాటు తుపాకీ లైసెన్సు ఇచ్చే వీలు చట్టంలో ఉంది, నిజమే. అంతమాత్రాన జంతువును కాల్చే అనుమతి వచ్చినట్టు కాదు. దానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడ్డుంది.

పెద్దాయన బతికి ఉన్న ఇళ్లవాళ్లకు ఒక మాట. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ 25 ఏళ్లుగా ఆయన దగ్గర ఉన్నా, ఏది ముందైతే అప్పుడు, ఆయనే ఒక వారసుణ్ని సూచించి లైసెన్సు ఇప్పించవచ్చు. ఆయన నోటితో చెప్పిన పేరుకు ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పరు. మాకు ఆ సంగతి తెలిసి ఉంటే ఎంత బాగుండేదో.

అమ్మడం, ఇచ్చేయడం

అమ్మాలంటే లైసెన్సు ఉన్న డీలరుకు గానీ, అలాంటి తుపాకీకి లైసెన్సు ఉన్న మనిషికి గానీ, కలెక్టరేట్ అనుమతి తీసుకుని అమ్మాలి. సంతలో బేరం పెట్టే వస్తువు కాదు. 9 ఎంఎం, .303 లాంటి నిషిద్ధ బోరు అయితే విషయం జిల్లాలో తేలదు, కేంద్ర హోంశాఖ దాకా వెళ్తుంది.

"ఇది పురాతన వస్తువు, లైసెన్సు అక్కర్లేదు" అనే మాట ఊళ్లో వినబడుతుంటుంది. 45వ సెక్షన్ మినహాయింపు ఇచ్చేది మరమ్మతు చేసినా పేలని పాత ఆయుధానికి మాత్రమే. క్యూరియో (అపురూపంగా దాచుకునే పాత వస్తువు) కోవలోకి వచ్చే చిన్న ఆయుధాలు దగ్గర ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదని 2020 ఫిబ్రవరిలో కేంద్రం సడలింపు ఇచ్చింది గానీ, వాడటానికీ వెంట తీసుకెళ్లడానికీ లైసెన్సు ఉండాల్సిందే. మీ తుపాకీ ఆ కోవదో కాదో మీరే తేల్చుకోకుండా, డిపాజిట్ చేసి రాతపూర్వకంగా అడగండి.

మా ఇంట్లో చివరికి అవ్వ మాటే నెగ్గింది. "పిల్లోళ్లు తిరిగే ఇంట్లో అదెందుకు నాయనా" అంది. స్టేషన్ రసీదు జత చేసి, తుపాకీని ప్రభుత్వానికి అప్పగిస్తున్నామని వారసులందరి సంతకాలతో కలెక్టరుకు అర్జీ పెట్టాం. మీరూ ఇదే దారి పడితే లైసెన్సు రద్దు ఉత్తర్వు కాపీ చేతికి వచ్చేదాకా వదలొద్దు. ఎన్నికలప్పుడు ఆయుధాలు డిపాజిట్ చేయమని పాత జాబితా పట్టుకుని ఇంటికి వచ్చినప్పుడు చూపించాల్సింది ఆ కాగితమే.