టీనేజీ మిస్టరీ నవలకు కటపయాదితో పజిల్ కట్టడం

పన్నెండు నుంచి పదిహేనేళ్ల పిల్లలు పజిల్ ఉన్న మిస్టరీని వదలకుండా చదువుతారు. హీరో కంటే ముందే జవాబు పట్టేసే వీలు వాళ్లకి అందులో ఉంటుంది. ఆ వీలు పోయిందా, మిగిలేది మామూలు దొంగా-పోలీసు కథే. కాబట్టి ప్లాటు జోలికి వెళ్లేముందే పజిల్ తేల్చుకోండి. పజిల్లో కూడా ముందు జవాబు రాసిపెట్టుకుని, అక్కడి నుంచి వెనక్కి నడవండి.

ఇంగ్లీషు నవలల్లోలా ప్రతి అక్షరాన్నీ ఒక స్థానం ముందుకు జరిపే రహస్య లిపి తెలుగులో తేలిపోతుంది. ‘ఘ’ని జరిపితే ‘ఙ’ వస్తుంది, దాన్ని నోటితో పలికేవాళ్లే ఉండరు. ఒత్తుని జరపాలా వద్దా అన్నదీ తేలదు. మనకి అక్షరాలకి అంకెలు కట్టే పాత పద్ధతి కటపయాది ఉండగా ఆ తంటా ఎందుకు?

క నుంచి ఝ వరకు వరసగా 1 నుంచి 9, ఞ సున్న. ట నుంచి ధ వరకు మళ్లీ 1 నుంచి 9, న సున్న. ప నుంచి మ వరకు 1 నుంచి 5. య ర ల వ శ ష స హ వరసగా 1 నుంచి 8. గుణింతం లెక్కలోకి రాదు. ఒత్తక్షరంలో చివరి హల్లుకే విలువ: ‘త్రి’లో ర మాత్రమే చూడాలి, అంటే 2. వచ్చిన అంకెల్ని కుడి నుంచి ఎడమకి చదవాలి.

ఇప్పుడు మూడంకెల తాళం ఉన్న సూట్‌కేసు అనుకోండి. తాళం మాట ‘కమల’. క 1, మ 5, ల 3. తిప్పి చదివితే 351. ముందు హీరోయిన్ 153 పెట్టి ఓడిపోవాలి. పాఠకుడూ అదే పెట్టి ఉంటాడు, ఇద్దరూ ఒకేచోట ఆగిపోతారు. నవల మొత్తంలో పిల్లలు పుస్తకం మూసి ఆలోచించేది ఇక్కడే, కాబట్టి దీని మీద రెండు మూడు పేజీలు ఖర్చుపెట్టినా తప్పులేదు.

అంకెల్ని తిప్పి చదవాలన్న సూచన అంతకు చాలా ముందే కథలో పడి ఉండాలి. ఆ పిల్ల సంగీతం నేర్చుకుంటోందనుకుంటే పని సులువు. తొలి పాఠాలైన సరళీ స్వరాలు మాయామాళవగౌళ రాగంలోనే మొదలవుతాయి, అది 15వ మేళకర్త, అంటే కర్ణాటక సంగీతంలో వరస సంఖ్యలున్న మూలరాగాల్లో 15వది. ఆ సంఖ్య పేరులోని మొదటి రెండక్షరాల్లోనే ఉంటుంది: మా 5, యా 1, తిప్పితే 15. మేచకల్యాణి 65, ధీరశంకరాభరణం 29 కూడా ఇలాగే కుదురుతాయి. రెండో అధ్యాయంలో ఆమె నోటుబుక్కులో ఈ మూడు పేర్లూ అంకెలతో సహా కనబడాలి, కానీ ఆ పేజీ ఇంకేదో పనికోసం తెరిచినట్టుండాలి. అక్షరాల పట్టిక మాత్రం దాచకండి, తాతయ్య గదిలో గోడకి తగిలించెయ్యండి. పట్టిక లేకుండా మూడు రాగాల నుంచి మొత్తం పద్ధతి రాబట్టమనడం అన్యాయం.

రాసేటప్పుడు పజిల్ బాగానే ఉంటుంది, అచ్చులో పాడవుతుంది. పాత డీటీపీ ఫాంటు నుంచి యూనికోడ్‌కి మార్చేటప్పుడు ఒత్తులు చెదరొచ్చు. కావాలని పెట్టిన తప్పు స్పెల్లింగుని ప్రూఫ్ రీడర్ దిద్దేస్తారు, అందుకే ‘ఈ పేజీ ముట్టుకోవద్దు’ అని విడిగా రాసివ్వండి. పంక్తుల మొదటి అక్షరాలు కలిపి చదివే పజిలైతే ఈ-బుక్కులో పంక్తులు ఎక్కడపడితే అక్కడ విరుగుతాయి. దాన్ని పద్యంలోనో, పేరాల మొదటి అక్షరాల్లోనో పెట్టుకోవాలి. ‘ఎన్ని అక్షరాలు’ అని అడిగే పజిల్ అయితే ఇంకా జాగ్రత్త. ‘రాత్రి’ మనకి రెండక్షరాలు, కంప్యూటరు యూనికోడ్ లెక్కలో ఆరు. ఏ లెక్కో కథలోనే తెలియాలి.

అన్నీ అయ్యాక సూట్‌కేసు తెరుచుకునే అధ్యాయానికి ముందు వరకు ప్రింటు తీసి అయిదుగురు పిల్లలకి ఇవ్వండి, పక్కన కూర్చుని సాయం చెయ్యొద్దు. అయిదుగురూ విప్పేస్తే నోటుబుక్కు పేజీ మరీ ఎత్తి చూపించినట్టే, రెండు రాగాలకి తగ్గించండి. ఒక్కరూ విప్పలేకపోతే జవాబు చెప్పి వాళ్ల చేతులు చూడండి. గబగబా వెనక్కి తిప్పి నోటుబుక్కు పేజీ వెతుక్కుంటే పజిల్ సరిగ్గానే ఉంది, ఆ పేజీనే సూట్‌కేసు అధ్యాయానికి ఇంకో అధ్యాయం దగ్గరగా జరపండి. ‘ఇది మాకెలా తెలుస్తుంది?’ అని అడిగారంటే సూచన మీ బుర్రలోనే ఉండిపోయింది, కాగితం మీదికి రాలేదు. రెండో అధ్యాయం మళ్లీ రాయాలి.