ధర పడిపోయిన రోజున టమాటాను సీసాలో నిల్వ చేసుకొనే పద్ధతి

2023 జులైలో కిలో టమాటా ధర 100 రూపాయలు దాటినప్పుడు పప్పులో ఒక్క కాయ వేయడానికి కూడా వెనుకాడిన ఇళ్ళు మనలో చాలానే ఉన్నాయి. అదే మదనపల్లె మార్కెట్‌కు పంట ఒక్కసారిగా పోటెత్తిన కొన్ని వారాల్లో కోత కూలీ కూడా గిట్టక రైతులు కాయను రోడ్డు పక్కన పారబోసి వెళ్ళడం ఎన్నోసార్లు చూశాం. ఈ రెండు కాలాల మధ్య వంటింటికి ఆసరాగా నిలిచేది డబ్బా నిల్వ, అంటే కాయను గాలి చొరని పాత్రలో బిగించి వేడితో సూక్ష్మజీవులను చంపి దాచే పద్ధతి. రేకు డబ్బాకు యంత్రం కావాలి కనుక ఇంట్లో చేసేవారికి గాజు సీసాయే తగినది.

మొదలుపెట్టే ముందు మన అలవాటును కొంత పక్కన పెట్టాలి. ఆవకాయ పట్టిన చేతులకు ఉప్పు, కారం, నూనె ఉంటే ఏదైనా నిలుస్తుందన్న నమ్మకం సహజంగానే ఉంటుంది. ఊరగాయ విషయంలో అది సరైనదే, ఎందుకంటే అక్కడ కాపు కాసేది ఉప్పూ పులుపూ. సీసా నిల్వలో ఉప్పు రుచికి మాత్రమే; అసలు వేయకపోయినా నిల్వకు లోటు రాదు. రక్తపోటు ఉన్నవారికి ఇది నిజమైన మేలు: ఏడాదంతా నిలిచే టమాటా వారికి పచ్చడి రూపంలోనే దొరకాలన్న నిర్బంధం ఉండదు. ఉప్పు లేని ఈ సీసాను రెండే రెండు కాపాడతాయి, తగినంత పులుపు, తగినంత సేపు మరుగు. ఈ రెండింటిలో ఏది తగ్గినా ప్రమాదమే.

ఆ ప్రమాదం పేరు బొట్యులిజం. మట్టిలో ఉండే క్లాస్ట్రిడియం బొట్యులినం అనే బ్యాక్టీరియా బీజాలు మరిగే నీటిలో గంటల తరబడి ఉన్నా చావకపోవచ్చు. పైగా గాలి లేని చోటే అవి మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి, కనుక బిగుతుగా మూసిన సీసా వాటికి ఎంతో అనుకూలం. అయితే ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ 4.6 లేదా అంతకంటే తక్కువగా ఉంటే, అంటే పదార్థం బాగా పుల్లగా ఉంటే, అవి పెరగలేవు. టమాటా సరిగ్గా ఈ గీత దగ్గరే ఉంటుంది. రకాన్ని బట్టి, పండిన తీరును బట్టి ఒక్కోసారి గీత దాటుతుంది. నాలుకకు పుల్లగా తోచిందన్నది కొలత కాదు, అందుకే ప్రతి సీసాలోనూ బయటి నుంచి పులుపు కలిపి తీరాలి. చెట్టు నిమ్మకాయల పులుపు కాయకాయకూ మారుతుంది కాబట్టి వాటిని నమ్ముకోకుండా, తినుబండారాలకు వాడే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, కొనుక్కోవడం మంచిది.

మూడు కిలోల గట్టి, పండిన, మచ్చలేని కాయలు తీసుకుంటే సుమారు నాలుగు అర లీటరు సీసాలు నిండుతాయి. కుళ్ళు మొదలైన కాయలను కోసి బాగు చేసి వాడకండి, ఎందుకంటే అటువంటి కాయల్లో పులుపు తగ్గిపోతుంది. సీసాలు వేడికి తట్టుకొనేవై ఉండాలి, అంచుల్లో పెచ్చు లేచి ఉండకూడదు. మూతలు మాత్రం లోపల రబ్బరు పూత ఉన్న కొత్తవే కావాలి. ఒకసారి బిగిసి తెరిచిన మూత మళ్ళీ అంత గట్టిగా పట్టదు. సీసాలను సబ్బుతో కడిగి, నింపే వరకూ వేడి నీటిలోనే ఉంచండి, చల్లని గాజులో వేడి గుజ్జు పోస్తే పగులుతుంది.

కాయలను అర నిమిషం నుంచి ఒక నిమిషం వరకూ మరిగే నీటిలో వేసి, తొక్క చిట్లగానే చన్నీళ్ళలోకి మార్చితే తొక్క చేత్తోనే ఊడి వస్తుంది. ముచ్చిక దగ్గరి గట్టి భాగాన్ని తీసి, కాయను నాలుగు ముక్కలు చేయండి. మొదట ఆరో వంతు ముక్కలను గిన్నెలో మెదిపి, అడుగంటకుండా కలుపుతూ పెద్ద మంట మీద మరగనిచ్చి, ఆ తర్వాత మిగిలినవి కొద్దికొద్దిగా వేయాలి. అన్నీ పడ్డాక అయిదు నిమిషాలు సన్నగా ఉడికిస్తే చాలు. ఉల్లి, వెల్లుల్లి, పచ్చిమిర్చి, కరివేపాకు, నూనె, వీటిలో ఒక్కటీ ఇప్పుడు వేయకండి. కూరగాయలు పులుపును తగ్గిస్తాయి, నూనె వేడిని లోపలికి సరిగా చేరనివ్వదు. పోపు పెట్టుకోవలసింది సీసా తెరిచిన రోజున.

ఒక్కో అర లీటరు సీసాలో ముందుగా పావు టీస్పూను కంటే కాస్త ఎక్కువగా నిమ్మ ఉప్పు వేసి, దానిమీద వేడి గుజ్జు పోయండి. పైన అరంగుళం ఖాళీ ఉంచాలి. చెక్క గరిటె కాడతో లోపలి గాలి బుడగలను తీసి, అంచును తడి గుడ్డతో శుభ్రంగా తుడిచి, మూతను వేళ్ళ బలంతో మాత్రమే బిగించండి. పెద్ద గుండిగలో అడుగున స్టాండు గాని మందపాటి గుడ్డ మడత గాని వేసి సీసాలను నిలబెట్టి, మూతల పైన కనీసం అంగుళం ఎత్తు వచ్చేలా వేడి నీళ్ళు పోయాలి.

ఇక మరుగు సంగతి. నీళ్ళు తెర్లుతూ మరగడం మొదలయ్యాకే గడియారం చూడాలి. మధ్యలో మరుగు ఆగితే లెక్క మళ్ళీ మొదటి నుంచి. ప్రమాణ పట్టికల్లో లీటరు సీసాకు చెప్పిన సమయం సముద్ర మట్టం దగ్గర 45 నిమిషాలు, 1,000 అడుగులు దాటిన చోట 50, 3,000 అడుగులు దాటిన చోట 55. పట్టికలోని చిన్న సీసా మన అర లీటరు కంటే కొంచెం చిన్నది కనుక నేను అర లీటరుకు కూడా లీటరు సమయమే పాటిస్తాను. ఎత్తు పెరిగే కొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి, హైదరాబాదులో సుమారు 98 డిగ్రీలకే. అందుచేత విశాఖపట్నంలోనో కాకినాడలోనో 45 నిమిషాలు సరిపోయేది, హైదరాబాదులోనూ మదనపల్లెలోనూ 50 నిమిషాలు మరగాలి, హార్సిలీ కొండల మీద 55. అమెరికాలోని మన వాళ్ళు కూడా తమ ఊరి ఎత్తు చూసుకొనే సమయం నిర్ణయించుకోవాలి; డెన్వర్ వంటి ఎత్తయిన ఊరికి సముద్ర తీరపు లెక్క పనికిరాదు.

మంట ఆపి అయిదు నిమిషాలు ఆగి, సీసాలను గుడ్డ మీద దూరదూరంగా పెట్టి, పన్నెండు గంటలు కదపకండి. ఆ తర్వాత మూత మధ్యలో వేలితో నొక్కితే అది కిందికి దిగి గట్టిగా ఉండాలి. టక్కుమని పైకీ కిందికీ ఆడితే ఆ సీసా పట్టలేదని అర్థం. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో వాడేసుకోవాలి. పట్టిన సీసాల మీద తేదీ రాసి, ఎండ తగలని చల్లని అలమరలో ఉంచితే ఏడాది వరకూ రుచి బాగుంటుంది. సి విటమిన్ కొంత తగ్గుతుంది గాని, టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ ఉడికిన కాయ నుంచే ఒంటికి బాగా పడుతుంది.

ఈ పద్ధతి పుల్లని కాయలకే పరిమితం. చిక్కుడు, బెండ, పప్పు, మాంసం, చేప, వీటిని మరిగే నీటిలో పెట్టి నిల్వ చేయాలని ఎవరు చెప్పినా వినకండి. వాటికి ఆవిరి ఒత్తిడితో 121 డిగ్రీల వేడి అవసరం, కర్మాగారాలు దానికోసం ప్రత్యేక పాత్రలు వాడతాయి. మన ప్రెషర్ కుక్కరు ఆ వేడిని అందుకోగలిగినా, చిన్నది కాబట్టి త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది, అందువల్ల దాన్ని నమ్మకూడదు. చిత్తూరు ప్రాంతపు కర్మాగారాల్లో తోతాపురి మామిడి గుజ్జు 3.1 కిలోల డబ్బాల్లో విదేశాలకు వెళ్ళగలగడం కూడా ఆ కాయకు సహజంగా ఉన్న పులుపు పుణ్యమే. టమాటా సీసాలను ఎవరైనా ఇంటి నుంచి అమ్మాలనుకుంటే ముందు ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ తీసుకొని, ప్రతి విడతకూ పీహెచ్ కొలిపించుకోవాలి.

తెరిచేటప్పుడు మూత ఉబ్బి ఉన్నా, గుజ్జు చిమ్ముకొచ్చినా, వాసన మారినా రుచి చూడకుండా పారేయండి. ఏ మార్పూ కనిపించకుండానే విషం ఉండవచ్చు కనుక, పులుపు వేశారో లేదో గుర్తులేని సీసాను బాగున్నట్టు కనిపించినా వాడవద్దు. తిన్న తర్వాత ఎవరికైనా చూపు రెండుగా తోచినా, కనురెప్పలు వాలినా, మాట ముద్దయినా, మింగడం కష్టమైనా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళి, ఏమి తిన్నారో వైద్యుడికి చెప్పండి.