హాలండ్ 1 మోడల్‌కి రివెట్లు ఎలా పెట్టాలి

బ్రిటిష్ నేవీ మొదటి సబ్‌మెరైన్ హాలండ్ 1, 1901లో నీళ్లలోకి దిగింది. అసలు పొడవు 19.5 మీటర్ల లోపే, కాబట్టి 1/72 స్కేల్‌లో చేస్తే 27 సెంటీమీటర్లు, షోకేస్‌లో హాయిగా పడుతుంది. చేయడం తేలికే. తల తినేవి రివెట్లు, అంటే ఇనప రేకుల్ని కలిపే మేకుల గుండ్రటి తలలు. మోడల్ మీద వాటిని జిగురు చుక్కలతో చూపిస్తాం.

నేను మొదటిసారి ఫెవికాల్ డబ్బా మూతితోనే చుక్కలు పెట్టాను. పడవకి అమ్మవారు పోసినట్టు తయారైంది!

ఇప్పుడు ఇలా చేస్తున్నాను. ముందు బాడీని సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాలి, జిడ్డు ఉంటే చుక్క నిలవదు. గ్రాఫ్ పేపర్‌ని సన్నటి పట్టీలా కత్తిరించి, రేకుల అతుకు పక్కనే టేప్‌తో అంటించాలి. ఇక కొలత చూసుకునే పని లేదు, గడికో చుక్క. ఫెవికాల్‌లో ఒక్క బొట్టు నీళ్లు కలిపి, గుండుసూది మొనతో ముట్టించాలి, గీయకూడదు. చుక్క కాస్త పెద్దదైనా కంగారు వద్దు, ఆరాక కుంచించుకుపోతుంది. తప్పు పడితే తడి ఇయర్‌బడ్‌తో తుడిచేయండి.

రాత్రంతా ఆరనిచ్చి ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) పల్చగా రెండు కోట్లు కొట్టండి. మందంగా కొడితే రివెట్లన్నీ మాయం, పడ్డ కష్టం బూడిదలో పోసిన పన్నీరే.