ఏ పేచీకి ఏది మూలం: ఎండాకాలంలో ఇంట్లో చిన్నపిల్లలు

విజయవాడలో మూడంతస్తుల ఇంటి పై వాటా మాది. పెద్దదానికి ఆరేళ్ళు, చిన్నవాడికి మూడు. ఏప్రిల్ నాలుగో వారంలో బడి మూస్తే మళ్ళీ జూన్ రెండో వారంలోనే తెరుస్తారు. మొదటి ఏడాది పిల్లలు ఏడిస్తే బొమ్మ ఇచ్చాను, కొట్టుకుంటే కసిరాను, నిద్రపోకపోతే కథ చెప్పాను. ఆ ఏడుపుల్లో సగం దాహమనీ, కొట్లాటల్లో సగం ఉక్కపోత అనీ, నిద్ర పట్టకపోవడం పూర్తిగా శ్లాబు చేసే పని అనీ తెలియడానికి మరో వేసవి పట్టింది. ఇప్పుడు ఏ పేచీ వచ్చినా ముందు పిల్లల ఒళ్ళు చూస్తాను, తర్వాత గది చూస్తాను, ఆట సంగతి ఆ తర్వాత. కింద రాసినవన్నీ ఆ వరసలోనే చదువుకోండి.

సమస్య: ఒళ్ళు కాలిపోతోంది, పిలిస్తే సరిగా పలకడం లేదు

ఇది మిగతావాటిలాంటిది కాదు కనుక ముందే చెబుతున్నాను. ఒంటి వేడి 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా వెళ్ళి, బిడ్డ మగతగా ఉన్నా, తికమకగా మాట్లాడినా, ఫిట్స్ వచ్చినా అది వడదెబ్బ. 108కి ఫోను చేయండి. బండి వచ్చేలోగా నీడకు చేర్చి, బట్టలు విప్పి, ఒళ్ళంతా తడిగుడ్డతో తుడుస్తూ ఫ్యానో విసనకర్రో ఆడించండి. మగతగా ఉన్న బిడ్డ నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మందు వేసి చూద్దామని ఆగకండి. జ్వరంలో ఒళ్ళు తనే వేడి పెంచుకుంటుంది, మందు ఆ పెంపును ఆపుతుంది. వడదెబ్బలో బయటి వేడిని వదిలించుకోలేక ఒళ్ళు ఓడిపోతుంది కాబట్టి అక్కడ ఆ మందుకు పని లేదు.

ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోయినా, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోయినా, పసిబిడ్డకు మాడు లోపలికి గుంటపడినట్టు కనిపించినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

సమస్య: రాత్రి పదకొండైనా నిద్రపోరు

పగలంతా ఎండలో కాగిన కాంక్రీటు శ్లాబు ఆ వేడిని వెంటనే లోపలికి వదలదు. కొన్ని గంటలు దాచుకుని, బయట చల్లబడుతున్న వేళకు ఇంట్లోకి వదులుతుంది. ఆరింటికి వీధిలో గాలి హాయిగా ఉంటుంది, ఎనిమిదింటికి మన పడకగది కప్పు మీద చెయ్యి ఆనించలేము. ఫ్యాను చేసేదల్లా ఆ కప్పు కింద పోగైన వేడిగాలిని మంచం మీదికి తోయడం. పిల్లవాడు అటూ ఇటూ దొర్లి, దిండు తిప్పుకుని, చివరికి గచ్చు మీదికి దిగి పడుకుంటాడు. వాడిని తిట్టి మళ్ళీ మంచం ఎక్కించేదాన్ని. ఆ గదిలో తెలివైన పని చేసింది వాడొక్కడే.

వేసవి ముదరకముందే డాబా మీద సున్నం కొట్టించండి. జిగురు కలిపి రెండు పూతలు వేయిస్తే ఆ వేసవికి నిలుస్తుంది. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది కనుక శ్లాబు తాగే వేడే తగ్గుతుంది. ఎండను వెనక్కి పంపే పూతలను ప్రోత్సహించడానికి తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానమే ప్రకటించింది. మన తాతలు సున్నంతో చేసిన పనే అది. అద్దె ఇంట్లో ఉండి యజమాని ఒప్పుకోకపోతే, పడకగదికి సరిగ్గా పైన పడేలా తడి గోనెసంచులు పరిచినా, నాలుగు కర్రలు నిలిపి నర్సరీల్లో వాడే ఆకుపచ్చ వల కట్టినా తేడా తెలుస్తుంది. పొద్దు గుంకాక నాలుగైదు బకెట్ల నీళ్ళు చల్లడం కూడా పనిచేస్తుంది. నీళ్ళకు కటకటగా ఉన్న వీధిలో మాత్రం ఆ పని చేయాలనిపించదు.

కిటికీల విషయంలో మనం సాధారణంగా తిరగేసి చేస్తాం. గాలి కావాలని పగలు తెరుస్తాం, దోమలని సాయంత్రం మూస్తాం. ఉదయం తొమ్మిదికల్లా కిటికీలు మూసి, ఎండ పడే పక్క తెర దించాలి. తెర కిటికీకి బయట ఉంటే మేలు, ఎందుకంటే అద్దం దాటి వచ్చిన ఎండ ఇక బయటికి పోదు. పాత చాపైనా పరవాలేదు, బయట వేలాడదీయండి. సాయంత్రం గాలి గదికంటే చల్లబడగానే ఎదురెదురు కిటికీలు తీయండి. దోమలకు కిటికీ వల వేయించుకోవడం ఒకసారి ఖర్చు, పది వేసవుల హాయి. పడక నేల మీదికి దించండి. పడమటి గోడ ఉన్న గదిని ఈ రెండు నెలలు బట్టలకు వదిలేసి, హాల్లో అందరూ చాపలు వేసుకోండి.

సమస్య: కూలరు ఉంది, అయినా పిల్లలు జిడ్డు జిడ్డుగా, చిరాగ్గా ఉన్నారు

కూలరు చల్లదనం నీళ్ళు ఆవిరవడం వల్ల వస్తుంది. గాలిలో ముందే తేమ నిండి ఉంటే నీళ్ళు ఆవిరవవు, గదిలో తడి మాత్రం పెరుగుతుంది. అందుకే అనంతపురంలోనో హైదరాబాదులోనో హాయినిచ్చిన కూలరు మచిలీపట్నం చుట్టాలింట్లో ఒంటికి బంకలా అంటుకుంటుంది. విజయవాడలో రెండు రకాల రోజులూ ఉంటాయి. సముద్రపు గాలి వీచే రోజు కూలరులో నీళ్ళు పోయకుండా ఉత్త ఫ్యానులా వాడతాను. పొడి వడగాలి కొట్టే రోజు నీళ్ళు పోస్తాను. ఎలా తెలుస్తుందంటే, తడి తువాలు లోపల తీగ మీద వేసి చూస్తాను. గంటలో పొడిబారితే కూలరు రోజు.

మరో తప్పు, చల్లదనం పోతుందని తలుపులన్నీ బిగించడం. కూలరు వదిలే తడిగాలి బయటికి పోవడానికి ఎదురుగా ఒక కిటికీ జానెడు తెరిచి ఉండాలి. గడ్డి మ్యాట్లు కంపు కొడుతుంటే కడిగి ఎండలో ఆరబెట్టండి. వారానికి ఒకసారైనా తొట్టిని పూర్తిగా వంపి, పక్కలు పీచుతో రుద్దండి. డెంగీ దోమ గుడ్డు పెద్ద దోమ కావడానికి వారం పది రోజులు చాలు, పైగా గుడ్లు పెట్టేది తొట్టి గోడలకే.

ఏసీ ఉన్నవాళ్ళు 26 మీద పెట్టి పైన ఫ్యాను తిప్పుకుంటే చాలు. 18కి దించినా గది త్వరగా చల్లబడదు, ఏసీ ఎక్కువసేపు ఆగకుండా తిరుగుతుంది, అంతే. ఏదీ లేని ఇంట్లో ఒక హెచ్చరిక: గది వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటాక ఉత్త ఫ్యాను గాలి ఒంటిని వేడెక్కిస్తుంది. అప్పుడు ఒళ్ళు తడిపి తుడవడమే దారి. రోహిణి కార్తెలో, అంటే మే చివరి వారం నుంచి జూన్ మొదటి వారం దాకా, గోడకు ఒక చవక థర్మామీటరు తగిలించుకోవడం మంచిది.

సమస్య: నాలుగు గంటలకల్లా ఊరికే ఏడుపు

ముందు నీళ్ళు. ఆటలో పడిన పిల్లలకు దాహం గుర్తుండదు, గుర్తొచ్చేసరికి నీరసం వచ్చేసి ఉంటుంది. "నీళ్ళు తాగుతావా?" అని అడిగితే మా చిన్నవాడి జవాబు ఎప్పుడూ "వద్దు". అడగడం మానేశాను. వాడికి వాడి చిన్న మట్టి కూజా, వాడి బుల్లి స్టీలు గ్లాసు ఇచ్చాను. కూజా ఒంటి మీద పట్టే చెమటను వేలితో తుడిచి, "దీనికి కూడా ఉక్కపోస్తోందమ్మా" అంటాడు, ఒక గ్లాసు వంచుకుంటాడు. చాలినన్ని తాగుతున్నారో లేదో మూత్రం రంగే చెబుతుంది. ముదురు పసుపైతే తక్కువ.

పల్చటి మజ్జిగ, కొబ్బరి నీళ్ళు, బార్లీ నీళ్ళు, రాగి జావ అన్నీ మంచివే. సబ్జా గింజలు నానబెట్టకుండా ఇవ్వకండి. ముంజలు మూడేళ్ళలోపు వాళ్ళకు చిన్న ముక్కలు చేసి పెట్టండి, జారి గొంతులో పడతాయి.

ఆరు నెలలు నిండని పసివాళ్ళకు ఎంత ఎండైనా తల్లిపాలే, చెంచాడు నీళ్ళు కూడా వద్దు. ఇది ఇంట్లో పెద్దవాళ్ళతో పెద్ద తగువు. మా అత్తయ్యగారు "గొంతు తడి చేద్దామమ్మా" అంటూ నీళ్ళ చెంచాతో వచ్చేవారు. పాలలో ఎక్కువ భాగం నీళ్ళేనని డాక్టరుగారి చేత చెప్పించాను. నేను చెబితే వినలేదు, ఆయన చెబితే విన్నారు.

విరేచనాలో వాంతులో పట్టుకుంటే ఓఆర్ఎస్. లీటరు ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి, సగం సగం కలిపితే లెక్క తప్పుతుంది. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. ప్యాకెట్టు దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, స్పూను తలకొట్టి కొలవాలి. పండ్ల రుచితో అట్టపెట్టెల్లో వచ్చే తీపి పానీయాలు ఓఆర్ఎస్ కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం పాటించని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. అయినా వెనక వైపు తిప్పి చదివే అలవాటు చేసుకోండి.

సమస్య: మెడ మీద, వీపు మీద చెమటకాయలు

చెమట బయటికి వచ్చే రంధ్రాలు మూసుకుపోవడమే కారణం. మనం వేసే మందులు, నూనె మర్దనా, ఆపైన దట్టంగా పౌడరు, ఆ రంధ్రాలను ఇంకా పూడుస్తాయి. పైగా పౌడరు దుమ్ము పసివాళ్ళ ఊపిరికి మంచిది కాదు. రోజుకు రెండుసార్లు మామూలు నీళ్ళ స్నానం, వదులైన నూలు చొక్కా, ఇంట్లో ఉన్నంతసేపు డయాపరుకు సెలవు. మూడు నాలుగు రోజుల్లో అణగకపోయినా, చీము పట్టినా చూపించండి. ఇక సెగగడ్డలు మామిడిపండ్ల వల్ల వస్తాయన్న మాట. అవి చర్మం మీది సూక్ష్మజీవుల వల్ల వస్తాయి. చెమటకు నానిన చర్మం, మురికి గోళ్ళతో గోకుడు చాలు. రసాలు తిననివ్వండి, గోళ్ళు కత్తిరించండి.

సమస్య: "అమ్మా, ఏమీ తోచడం లేదు"

ఒళ్ళూ గదీ చక్కబడ్డాక కూడా ఈ మాట వస్తే, అప్పుడు ఆట. పదకొండు నుంచి నాలుగున్నర దాకా ఒకే ఆటతో నెట్టుకురావాలనుకుంటే ఎవరికైనా విసుగే. మేము రోజును మూడు ముక్కలు చేశాం: పదకొండుకు నీళ్ళు, భోజనమయ్యాక చీకటి గది, మూడింటికి కూర్చుని ఆడే ఆట.

నీళ్ళ ఆటలో మా ఇంట్లో గెలిచింది ఖర్చులేనిది. నీడ పడే బాల్కనీ గోడ, గోడలకు రంగువేసే పాత కుంచె, చెంబెడు నీళ్ళు. పెద్దది గోడ మీద "అ" రాస్తుంది, "ఆ" రాస్తుంది, "ఇ"కి వచ్చేసరికి "అ" తల ఎగిరిపోయి ఉంటుంది. పరుగున వెనక్కి వచ్చి మళ్ళీ దిద్దుతుంది. గంటసేపు అక్షరాలకూ ఎండకూ పందెం. నిరుడు ఆమెకు గుణింతాలు వచ్చింది ఈ గోడ మీదే. రెండోది, రాత్రి గిన్నెలో నీళ్ళు పోసి ప్లాస్టిక్ ఏనుగును వేసి డీప్ ఫ్రిజ్‌లో గడ్డకట్టిస్తాను. మర్నాడు పళ్ళెంలో బోర్లించి, కాస్త ఉప్పు, ఒక చెంచా ఇచ్చి "ఏనుగును విడిపించు" అంటే చిన్నవాడికి నలభై నిమిషాల పని. ఉప్పు పడినచోట గడ్డలో గుంటలు పడటం వాడికి పెద్ద వింత. టబ్బులో కూర్చోబెడితే మాత్రం పక్కనుంచి కదలకండి, ఆట కాగానే నీళ్ళు వంపేయండి. అంగుళాల లోతు నీళ్ళు కూడా పసివాళ్ళకు ప్రమాదమే.

కూర్చుని ఆడేవాటిలో అష్టాచెమ్మాకు నేల మీద సుద్దముక్కతో ఇరవై అయిదు గళ్ళు, నాలుగు గవ్వలు చాలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. ఆరేళ్ళ పిల్ల తాతగారిని ఓడించగలిగే ఆట ఇది. వామనగుంటలకు పద్నాలుగు గుంటలు, చింతగింజలు. లెక్కలు వాటంతట అవే వస్తాయి. చిన్నవాడు దరిదాపుల్లో ఉంటే గింజలూ గవ్వలూ లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకోండి. ముక్కులో దూర్చుకున్న చింతగింజ తీయించుకోవడానికి మేము ఒకసారి ఆసుపత్రికి వెళ్ళొచ్చాం.

ఫోను గురించి పొడవుగా చెప్పను. రెండేళ్ళలోపు వద్దని, అయిదేళ్ళ దాకా రోజుకు గంట మించవద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు. మా ఇంట్లో ఆ గంట మూడింటికి ముందు రాదు, భోజనం పళ్ళెం ముందు అసలే రాదు.

సమస్య: అన్నం ముట్టరు

ఎండకు ఆకలి తగ్గడం సహజం. ఎక్కువ అన్నం చల్లటి వేళకు, అంటే ఉదయం ఎనిమిదికీ రాత్రి ఎనిమిదికీ జరపండి. మధ్యాహ్నం గుప్పెడు పెరుగన్నం, పుచ్చకాయ ముక్కలు తింటే చాలని సర్దుకోండి. మధ్యాహ్నం కలిపిన పెరుగన్నం రాత్రికి పెట్టకండి. బండి మీది రంగు ఐసు కంటే ఇంట్లో నిమ్మరసంతో పుల్లకు గడ్డకట్టించినది మేలు, ఆ బండి ఐసు ఏ నీళ్ళదో మనకు తెలియదు.

సమస్య: సరిగ్గా పడుకోబెట్టే వేళకు కరెంటు పోయింది

తడిపి గట్టిగా పిండిన నూలు తువాలు పిల్లల కాళ్ళ మీద, మెడ కింద వేయండి. తాటాకు విసనకర్ర ఒకటి మంచం కిందే ఉంచుకోండి, మీకు చెయ్యి నొప్పి పుడితే పెద్దదానికి ఇచ్చి వంద లెక్కపెట్టమనండి. చిన్నవాడు భయపడితే టార్చి వెలిగించి గోడ మీద వేళ్ళతో కుందేలు చేసి చూపించండి. కరెంటు వచ్చాక వెంటనే లైటు వేయకండి, కుందేలు పోయిందని మళ్ళీ ఏడుస్తాడు.