హాప్స్ నాటే ముందు ఇవి చూసుకోండి

హాప్స్ అంటే బీరుకి చేదు, వాసన ఇచ్చే తీగ మొక్క. దాని దుంప పాతక ముందే పందిరి సంగతి తేల్చేయండి, ఎందుకంటే ఈ తీగ ఒక్క సీజన్‌లోనే 5, 6 మీటర్లు పాకేస్తుంది, వానకి తడిసి బరువెక్కితే సన్న కర్రలు ఆగవు. గట్టి గుంజ, గరుకు తాడు కావాలి. పైన కరెంటు తీగలుంటే ఆ చోటు వదిలేయండి.

ఇంట్లో కుక్క ఉందా? హాప్స్ కోన్లు (బీరులో వేసే దాని పూల గుత్తులు) తింటే దాని ఒళ్లు విపరీతంగా కాలిపోయి ప్రాణం మీదికొస్తుంది. బీరు కాచాక మిగిలిన హాప్స్ పిప్పి కూడా అంతే డేంజర్. కంచె కట్టాకే నాటండి.

కోన్లు ఆడ మొక్కకే వస్తాయి, అడిగి తీసుకోండి. రోజుకు కనీసం 6 గంటల ఎండ, నీళ్లు నిలవని నేల. నీళ్లు మొదలు దగ్గరే పోయండి, ఆకులు తడుస్తుంటే బూజు తెగులు పట్టుకుంటుంది.

ఫుల్ హ్యాండ్స్ చొక్కా, గ్లౌజులు మాత్రం మర్చిపోవద్దు. తీగ నిండా కొక్కేల్లాంటి గరుకు నూగు ఉంటుంది. నేను ఓసారి టీషర్ట్‌తోనే తీగలు సర్దబోతే మోచేతుల దాకా ఎర్రటి గీతలు, స్నానం చేస్తే ఒకటే మంట. తాడుకి చుట్టేటప్పుడు పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపే చుట్టండి, అటు కాకపోతే ఊడొచ్చేస్తుంది.

మొదటి ఏడాది కోత పెద్దగా రాదు, టెన్షన్ పడి పీకేయకండి.